రిటైర్ అయిన మగవాళ్ళ కోసం కాలనీలో వర్క్‌షాప్ పెట్టుకోవడం ఎలా: బెంగళూరు తెలుగువాళ్ళకి పూర్తి గైడ్

"నాన్నగారు ఊరి నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్నారండీ, పొద్దస్తమానం టీవీ, లేకపోతే ఫోను, మీరేదో వర్క్‌షాప్ నడుపుతున్నారట కదా, మా అపార్ట్‌మెంట్‌లో కూడా అలాంటిది పెట్టాలంటే ఏం చేయాలి" అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేకంటే మొత్తం ఒకచోట రాసేస్తే మంచిదనిపించింది. నేను కరెంటు డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైర్ అయ్యి, అబ్బాయి దగ్గర మారతహళ్ళి వైపు ఉంటున్నాను. మా దగ్గర నడుస్తున్న పద్ధతే ఇందులో ఎక్కువ ఉంటుంది.

ఆస్ట్రేలియాలో వీటిని మెన్స్ షెడ్ అంటారు, ఆ దేశంలో వెయ్యికి పైగా ఉన్నాయి, 2007 నుంచి వాటికో జాతీయ సంఘం కూడా ఉంది. వాళ్ళు పట్టుకున్న కిటుకు ఏంటంటే, మగవాళ్ళని ఎదురెదురుగా కూర్చోబెట్టి "మనసులో మాట చెప్పండి" అంటే నోరు విప్పరు, అదే పక్కపక్కన నిలబడి ఏదో పని చేస్తుంటే వాళ్ళంతట వాళ్ళే చెప్తారు. కింద రాసిన ఏర్పాట్లన్నీ దానికోసమే. మధ్యలో ఎక్కడైనా ఇది కొనాలా వద్దా, ఇలా చేయాలా అలా చేయాలా అని డౌట్ వస్తే, దీనివల్ల ఇద్దరు మనుషులు ఒక బల్ల దగ్గర కలిసి నిలబడతారా అని చూసుకోండి, చాలావరకు తేలిపోతుంది.

1. ముందు మనుషులు, తర్వాతే గది

అందరూ గది వెతకడంతో మొదలుపెడతారు. అలా చేయకండి. ముందు ఐదారుగురు మనుషుల్ని పట్టుకోండి, వాళ్ళుంటే గది దొరుకుతుంది, గది ఉన్నంత మాత్రాన మనుషులు రారు.

నోటీసు బోర్డులో "సీనియర్ సిటిజన్లకి ఆహ్వానం" అని పెడితే ఎవ్వరూ రారు, ముఖ్యంగా నిజంగా రావాల్సినవాళ్ళు రారు. పొద్దున వాకింగ్ దగ్గర, స్కూల్ బస్సు ఆగేచోట మనవల్ని ఎక్కించడానికి నిలబడ్డవాళ్ళ దగ్గర, గుడి మెట్ల దగ్గర నేరుగా మాట్లాడాలి. మాటైనా "మీకు తోడుగా ఉంటుంది రండి" అన్నట్టు ఉండకూడదు. "అన్నయ్యగారూ, మీరు స్టీల్ ప్లాంట్‌లో ఫిట్టర్‌గా చేశారట కదా, మా దగ్గర ఒక వైస్ బిగుసుకుపోయింది, ఒక్కసారి చూస్తారా" అని అడగండి. తన అవసరం ఉందంటే మనిషి వస్తాడు, తన మీద జాలిపడుతున్నారని అనిపిస్తే గడప దాటడు.

ఇంకో మాట. ఫ్లాట్లలో ఉండేవాళ్ళతోనే ఆగిపోవద్దు. మున్నేకొళాల, కె.ఆర్.పురం, వర్తూరు వైపు పని కోసం ఎప్పుడో వచ్చి ఇక్కడే పెద్దవాళ్ళైపోయిన మన మేస్త్రీలు, వడ్రంగులు చాలామంది ఉన్నారు. అలాంటి పెద్దమేస్త్రి ఒక్కరు దొరికితే మీ వర్క్‌షాప్ సగం నిలబడ్డట్టే. ఆయన్ని పనివాడిలా పిలవకండి, మాస్టారుగా పిలవండి, కుర్చీ వేయండి, ఆటో ఖర్చు వర్క్‌షాప్ డబ్బుల్లోంచి ఇవ్వండి.

భాష గురించి కూడా ముందే మాట్లాడుకోండి. తెలుగువాళ్ళం మొదలుపెట్టుకున్నా పక్క ఫ్లాట్ కన్నడ పెద్దాయన, తమిళాయన వస్తే తలుపు తీసే ఉండాలి, బోర్డు కన్నడలో కూడా రాయాలి. మనం ఉంటున్న ఊరు కదా.

2. టైమ్ ఎప్పుడు పెట్టాలి

మన పెద్దవాళ్ళ టైమ్ వాళ్ళ చేతిలో ఉండదు, మనవల స్కూల్ వ్యాన్ చేతిలో ఉంటుంది. పొద్దున పిల్లల్ని పంపి, టిఫిన్ తిని, మందులు వేసుకుని తెమిలేసరికి పది అవుతుంది. మధ్యాహ్నం చిన్న తరగతి పిల్లలు మళ్ళీ వచ్చేస్తారు. అందుకని పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా, వారానికి రెండు రోజులు, ఇది అందరికీ కుదురుతుంది. రోజూ తెరుస్తామని మొదలుపెట్టి నెలకే మూసేసేకంటే మంగళ, శుక్రవారాలు అని పెట్టుకుని వాన వచ్చినా తెరవడం మేలు.

శబ్దం వచ్చే పనులన్నీ పదకొండు నుంచి పన్నెండు మధ్యలోనే పెట్టుకోండి. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్ అని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో ఉంది. దానికంటే ముందు పైఫ్లోర్‌లో వర్క్ ఫ్రమ్ హోమ్ చేసే అమ్మాయి మీటింగ్‌లో ఉంటుంది, మార్చిలో పరీక్షలుంటాయి, వీళ్ళ దగ్గర ఒక్క కంప్లైంట్ వస్తే అసోసియేషన్ తాళం వేయించేస్తుంది. డ్రిల్లింగ్ మిషన్ ఏ టైమ్‌లో మోగుతుందో తలుపు మీద రాసి పెట్టండి, తెలిసిన శబ్దాన్ని జనం భరిస్తారు.

3. గది ఎలా ఉండాలి

పది అడుగులు ఇంటూ పదిహేను అడుగులు ఉంటే మొదలుపెట్టొచ్చు. క్లబ్‌హౌస్‌లో వాడని స్టోర్ రూమ్, గుడి వెనక రేకుల షెడ్డు, ఎవరిదైనా సొంత ఇంటి గ్యారేజ్, ఏదైనా పర్లేదు. బేస్‌మెంట్ పార్కింగ్‌లో మూల మాత్రం వద్దు, గాలి ఉండదు, బండ్ల పొగ, పైగా వార్నిష్, థిన్నర్ లాంటివి అక్కడ పెట్టడం ప్రమాదం.

చూసుకోవాల్సినవి:

- బాత్రూమ్ దగ్గర్లో ఉండాలి. దీన్ని ఎవరూ పైకి చెప్పరు గానీ ఆ వయసులో గంటకోసారి వెళ్ళాల్సి వస్తుంది, బాత్రూమ్ దూరమైతే "పని ఉంది" అని చెప్పి రావడం మానేస్తారు.
- గ్రౌండ్ ఫ్లోర్, లేదా లిఫ్ట్. ఒకటి రెండు మెట్లున్నా పక్కన పట్టుకోవడానికి కమ్మీ ఉండాలి. ర్యాంప్ వేస్తే ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు.
- నున్నటి టైల్స్ వద్దు. మామూలు సిమెంటు నేలే మంచిది, రంపపు పొట్టు పడితే టైల్స్ మీద కాలు జారుతుంది.
- కిటికీ, ఎదురుగా ఇంకో కిటికీ లేదా ఎగ్జాస్ట్ ఫ్యాన్.
- వీపు ఆనించుకునే కుర్చీలు, చేతులున్నవి. ప్లాస్టిక్ స్టూళ్ళ మీద నుంచి లేచేటప్పుడు పడతారు.

వెలుతురు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అరవై దాటిన కంటికి కుర్రాళ్ళ కంటికంటే చాలా ఎక్కువ వెలుతురు కావాలి. గది మధ్యలో ఒక ట్యూబ్‌లైట్ వేస్తే పనిచేసే మనిషి నీడ పని మీదే పడుతుంది. బల్లకి సరిగ్గా పైన, కొంచెం ముందుకి జరిపి ఎల్ఈడీ ట్యూబులు వేయించండి. సోల్డరింగ్ చేసేచోట భూతద్దం ఉన్న టేబుల్ ల్యాంప్ ఒకటి.

బల్ల ఎత్తు నిలబడి చేయి కిందికి వదిలితే మణికట్టు దగ్గరికి రావాలి. పొడవు ఆరడుగులు చాలు, కానీ గోడకి ఆనించి పెట్టొద్దు. చుట్టూ నాలుగు పక్కలా నిలబడేలా గది మధ్యలో పెట్టండి. గోడకి పెడితే అందరూ గోడని చూస్తూ పనిచేస్తారు, మధ్యలో పెడితే మాటలు వస్తాయి. తక్కువ ఎత్తు బల్ల ఇంకొకటి పెడితే మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూర్చుని చేసుకుంటారు.

4. పర్మిషన్లు, డబ్బు

మొదట్లో సొసైటీ, రిజిస్ట్రేషన్ అని పరిగెత్తొద్దు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కింద ఒక సబ్ కమిటీగా రాయించుకోండి, మీటింగ్ మినిట్స్‌లో ఎక్కించి కాపీ దగ్గర పెట్టుకోండి. ఏడాది నిలబడ్డాక, విరాళాలు తీసుకోవాలి బ్యాంకు ఖాతా కావాలి అనుకుంటే అప్పుడు కర్ణాటక సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 1960 కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు, దానికి కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి.

ఇన్సూరెన్స్ అడిగేటప్పుడు గ్రూప్ యాక్సిడెంట్ పాలసీలో వయసు లిమిట్ ఎంతో ముందు అడగండి, మనవాళ్ళలో సగంమంది ఆ లిమిట్ దాటి ఉంటారు.

డబ్బు విషయంలో నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. నెలకి వంద రూపాయలు పెట్టండి, అది పెద్దాయన తన చేత్తో ఇవ్వాలి, కొడుకు ఫోన్‌పే చేయకూడదు. పెన్షన్ లేనివాళ్ళుంటారు, అందుకే ఒక డబ్బా పెట్టండి, ఎవరు ఎంత వేశారో పుస్తకంలో రాయొద్దు. ఖర్చు మాత్రం పైసాతో సహా రాసి గోడకి అంటించాలి.

5. కరెంటు పని: దీంట్లో పిసినారితనం వద్దు

మొదటి పది వేలు సామాన్లకి కాదు, దీనికి ఖర్చు పెట్టండి.

వర్క్‌షాప్‌కి విడిగా చిన్న డిస్ట్రిబ్యూషన్ బాక్స్ వేయించండి. అందులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరిగా ఉండాలి. ఎంసీబీ ఉంది కదా సరిపోదా అని చాలామంది అంటారు, సరిపోదు. ఎంసీబీ వైరు వేడెక్కకుండా, షార్ట్ అయితే ఆగిపోయేలా కాపాడుతుంది, మనిషి ఒంట్లోంచి భూమిలోకి కరెంటు పోతుంటే దానికి తెలియదు. ఆ లీకేజీని పట్టుకుని కట్ చేసేది ఆర్‌సీసీబీ. రెండూ ఉండాలి. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి పడిపోతోందో లేదో చూసి క్యాలెండర్ మీద రాయండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే ఆర్‌సీసీబీ కూడా కాపాడలేదు, కాబట్టి ప్లగ్ తీయకుండా ఏ వస్తువూ విప్పకూడదు.

ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో కొలిపించండి. మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు.

బల్ల మీద అందరికీ కనిపించేచోట, తేలిగ్గా అందేలా ఒక మెయిన్ ఆఫ్ స్విచ్ పెట్టించండి, పెద్దది, ఎర్రది. సాకెట్లు నడుము ఎత్తులో ఉండాలి, వంగి పెట్టాల్సిన పని ఉండకూడదు. నేల మీద ఎక్స్‌టెన్షన్ వైర్లు పాకించొద్దు, పైనుంచి వేలాడదీయండి.

రిపేర్లు చేస్తారు కాబట్టి సిరీస్ బోర్డు ఒకటి కట్టుకోండి. పాతకాలం 100 వాట్ల ఫిలమెంట్ బల్బు ఒకటి, దాంతో సిరీస్‌లో ఒక సాకెట్, అంతే. విప్పి బిగించిన మిక్సీనో ఇస్త్రీపెట్టెనో మొదటిసారి నేరుగా మెయిన్స్‌లో పెట్టకుండా దీంట్లో పెట్టాలి. లోపల షార్ట్ ఉంటే బల్బు పూర్తి వెలుగుతో వెలుగుతుంది, ఫ్యూజు పోదు, ఠప్పుమనదు. వైరు తెగిపోయి ఉంటే బల్బు అసలు వెలగదు. మోటారు బాగుంటే బల్బు వెలుగు ఎంతోకొంత తగ్గి ఉంటుంది, ఇస్త్రీపెట్టె లాంటి ఎక్కువ వాట్ల వస్తువైతే బాగున్నా కూడా బల్బు దాదాపు పూర్తిగానే వెలుగుతుంది. దీన్ని కట్టడమే మొదటి ఎలక్ట్రికల్ ప్రాజెక్టుగా పెట్టుకోవచ్చు, కనెక్షన్ ఇచ్చే ముందు తెలిసినవాళ్ళు ఒకసారి చూడాలి.

6. సామాన్లు: ఏవి కొనాలి, ఏవి వద్దు

ముందు అడగండి, తర్వాత కొనండి. ప్రతి ఇంట్లో అటకమీద ఒక టూల్ బాక్స్ ఉంటుంది. మిగిలినవాటికి ఎస్.జె.పి. రోడ్డు, ఎలక్ట్రానిక్స్ సామాన్లకి ఎస్.పి. రోడ్డు. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళని కూడా తీసుకెళ్ళండి, బేరం వాళ్ళకే వదిలేయండి. ఆ ట్రిప్ కూడా వర్క్‌షాప్‌లో భాగమే.

మొదటి లిస్టు:

- నాలుగంగుళాల బెంచ్ వైస్ (ముక్క కదలకుండా బల్లకి బిగించి పట్టేది), సి క్లాంపులు ఓ ఆరు
- చేతి రంపం రెండు, హ్యాక్‌సా ఒకటి
- ఉలులు మూడు సైజులు, సానరాయి, చిన్న చిత్రిక
- మూలమట్టం, టేపు, లెవెల్
- సుత్తులు, స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయర్, స్పానర్ సెట్, ఆకురాళ్ళు
- 10 మిల్లీమీటర్ల డ్రిల్లింగ్ మిషన్, స్పీడ్ తగ్గించుకునేది
- మల్టీమీటర్, టెస్టర్, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్
- సైకిల్ పంపు, పంక్చర్ కిట్
- కళ్ళద్దాల పైన పెట్టుకునే సైజు సేఫ్టీ గాగుల్స్, ఎన్95 మాస్కులు

స్క్రూడ్రైవర్, ఉలి పిడులు సన్నగా ఉంటే కీళ్ళ నొప్పులున్నవాళ్ళకి పట్టు దొరకదు. సైకిల్ ట్యూబు ముక్క పిడికి తొడిగేయండి, లావుగా అవుతుంది, జారదు.

యాంగిల్ గ్రైండర్ వద్దంటే వద్దు. మన దగ్గర దానికి గార్డు పీకేసి, చెక్క కోసే పళ్ళ బ్లేడు బిగించి వాడతారు. నిమిషానికి పది పదకొండు వేల చుట్లు తిరిగే బ్లేడు చెక్కలో ఇరుక్కుంటే వెనక్కి ఎగిరి మనిషి మీదకే వస్తుంది. ఎంత అనుభవం ఉన్న మేస్త్రి అడిగినా ఒప్పుకోకండి. టేబుల్ సా, వెల్డింగ్ కూడా మొదటి ఏడాది వద్దు. కోత పెద్దగా ఉంటే టింబర్ డిపోలోనే కోయించుకుని తెచ్చుకోండి, మైసూర్ రోడ్డు టింబర్ యార్డ్ దాకా వెళ్ళకపోయినా దగ్గర్లో ఎక్కడో ఒక డిపో ఉంటుంది.

చెక్క సంగతి. సిల్వర్ ఓక్ అడగండి, కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే చెట్టు కాబట్టి కర్ణాటకలో తేలిగ్గా దొరుకుతుంది, చవక, పనికి లొంగుతుంది. వైట్‌ఫీల్డ్, హొసకోటె వైపు గోడౌన్లలో పాత ప్యాలెట్లు ఊరికే ఇస్తారు, తెచ్చుకోండి గానీ ముద్ర చూడండి. హెచ్.టి. అని ఉంటే వేడితో శుద్ధి చేసింది, వాడొచ్చు. ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ మందు పట్టించింది, ముట్టుకోవద్దు. ముద్రే లేకపోయినా, నూనె మరకలున్నా వదిలేయండి.

గోడమీద ప్రతి పనిముట్టుకీ దాని ఆకారం గీసి మేకు కొట్టండి. మూసేటప్పుడు ఏది లేదో ఒక్క చూపులో తెలిసిపోతుంది, ఎవర్నీ అనుమానించాల్సిన పని రాదు.

7. ఒంటి సంగతి ముందే రాసి పెట్టుకోవడం

ప్రతి మనిషికీ ఒక కార్డు. పేరు, ఇంట్లోవాళ్ళ ఫోన్ నంబర్లు రెండు, వాడే మందులు, అలర్జీలు. కవర్లో పెట్టి, అవసరం వస్తేనే తీస్తాం అని చెప్పండి.

- రక్తం పలచన చేసే మందులు వాడేవాళ్ళకి చిన్న గాటు కూడా తొందరగా ఆగదు. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా నొక్కి పట్టాలి, మధ్యమధ్యలో తీసి చూడకూడదు, ఆగకపోతే ఆసుపత్రికి.
- షుగర్ ఉన్నవాళ్ళు టిఫిన్ తిన్నారా అని వచ్చీ రాగానే అడగండి. చెమటలు, వణుకు, తికమక మాటలు కనిపిస్తే మూడు చెంచాల పంచదార నీళ్ళల్లో కలిపి తాగించి, పావుగంట ఆగి, తగ్గకపోతే మళ్ళీ ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్.
- షుగర్ వల్ల పాదాలకి స్పర్శ తగ్గినవాళ్ళకి మేకు గుచ్చుకున్నా తెలియదు. అందుకే అందరికీ బూట్లు, చెప్పులతో లోపలికి రానివ్వొద్దు.
- పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడిగాకే మోటారు మిషన్లు పట్టుకోవాలి.
- చెయ్యి వణికేవాళ్ళకి డ్రిల్లు ఇవ్వకండి, ఎమ్రీ పేపర్ చుట్టిన చెక్క దిమ్మ ఇవ్వండి. నునుపు చేసే పని చాలా ఉంటుంది, అది ఊరికే ఇచ్చిన పని అనిపించదు కూడా.

బట్టల గురించి: పంచె, భుజం మీద కండువా, చేతికి కట్టిన గుడి తాళ్ళు, ఉంగరం, మెడలో చైను, ఇవన్నీ తిరిగే డ్రిల్లుకి చుట్టుకునేవే. తలుపు దగ్గర ఒక కొక్కెం, ఒక గిన్నె పెట్టండి. తాడు తీయడం ఇష్టం లేనివాళ్ళు మోచేతి పైకి జరిపి బిగుతు చొక్కా చెయ్యి కిందికి దోపుకుంటారు, అదీ కుదరకపోతే ఆ రోజు చేతి పనిముట్లతో సరి. తిరిగే మిషన్ దగ్గర గ్లవుజులు కూడా వద్దు.

విప్పకూడని వస్తువులు గోడమీద రాయండి: మైక్రోవేవ్ ఓవెన్, పాత గాజు ట్యూబు టీవీ, ఉబ్బిన పవర్ బ్యాంకు. ఓవెన్‌లో ఉండే కెపాసిటర్ ప్లగ్ తీసేసిన తర్వాత కూడా ప్రాణం తీయగలదు.

పొడి రకం ఏబీసీ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ తలుపు పక్కనే. అవిసె నూనె పూసిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే అంటుకుంటాయి, బయట పరిచి ఆరబెట్టాకే పారేయాలి.

8. మొదటి నెల ఏ పని తర్వాత ఏ పని

ఈ వరస మార్చకండి. వచ్చిన మొదటి రోజే మందిరం చేద్దాం, కుర్చీ చేద్దాం అంటే చేతకానివాళ్ళు భయపడి పక్కకి తప్పుకుంటారు.

మొదటి వారం: స్క్రూలు ఏరడం. అన్ని ఇళ్ళ నుంచీ కలగాపులగంగా వచ్చిన మేకులు, స్క్రూలు, నట్లు బల్ల మీద కుమ్మరించండి, ఖాళీ హార్లిక్స్ సీసాలు పెట్టండి. దీనికి నైపుణ్యం అక్కర్లేదు, తప్పు చేసేది లేదు, చేతులు ఆడుతుంటాయి. మా దగ్గరకి వచ్చే ఒక బ్యాంకు ఆయన అప్పటిదాకా నమస్కారం తప్ప మాటలేదు, సగం అంగుళం స్క్రూలు ముప్పావు అంగుళం స్క్రూలు విడదీస్తూ పక్కాయనతో "మా ఆవిడ పోయాక ఇంట్లో తాళంచెవులు కూడా ఎక్కడుంటాయో తెలియట్లేదండీ" అన్నారు. పక్కాయన తలెత్తలేదు, "మాదీ అదే పరిస్థితి" అని ఇంకో గుప్పెడు స్క్రూలు ఆయన ముందుకి జరిపారు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ కలిసే వస్తున్నారు.

రెండో వారం: తేలిక రిపేర్లు. మిక్సీ తిరగట్లేదంటే ముందు అడుగున ఉన్న ఎర్ర ఓవర్‌లోడ్ బటన్ నొక్కి చూడండి, చాలా మిక్సీలు అక్కడే బాగైపోతాయి. తర్వాత చూడాల్సింది అరిగిన కప్లర్ (జార్‌ని మోటారుకి కలిపే పళ్ళ ముక్క), కార్బన్ బ్రష్షులు. కప్లర్ విప్పేటప్పుడు కొన్నింటికి మర తిరగేసి ఉంటుంది, బలవంతం చేయకుండా రెండు వైపులా చూడండి. సీలింగ్ ఫ్యాన్ మెల్లగా తిరుగుతోందంటే ఎక్కువసార్లు కెపాసిటర్ పోయి ఉంటుంది, మామూలుగా 2.5 మైక్రోఫ్యారడ్ ఉంటుంది, పాతదాని మీద రాసిన విలువే తెచ్చి వేయాలి. కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాన్లకి ఇది వర్తించదు. ఫ్యాన్ దింపడం, ఎక్కించడం కుర్రాళ్ళతో చేయించండి, డెబ్బై ఏళ్ళాయన నిచ్చెన ఎక్కకూడదు.

మూడు, నాలుగు వారాలు: పీట. నాలుగు చెక్కముక్కలు, కొలత, కోత, స్క్రూ, నునుపు, పాలిష్, అన్ని పనులూ ఒక్కసారి నేర్చుకున్నట్టవుతుంది. ఒక మనిషి ఒక పీట అని పెట్టొద్దు. ఒకరు కొలత, ఒకరు కోత, ఒకరు నునుపు అని బల్ల చుట్టూ తిప్పండి.

9. కలిసి చేసే పెద్ద పని: పాలవెల్లి

మొదటి పండగకి ఇది పెట్టుకోండి. వినాయక చవితికి పాలవెల్లి మన ఊళ్ళల్లో దొరికినట్టు ఇక్కడ అన్ని చోట్లా దొరకదు, అపార్ట్‌మెంట్‌లో తెలుగు ఇళ్ళన్నీ అడుగుతాయి. ఆషాఢంలో మొదలుపెడితే భాద్రపదానికి తీరిగ్గా అవుతుంది.

1. అంగుళం వెడల్పు, అరంగుళం మందం ఉన్న సిల్వర్ ఓక్ బద్దలు డిపోలో కోయించుకోండి. రెండడుగుల పాలవెల్లికి అటు ఐదు, ఇటు ఐదు, మొత్తం పది బద్దలు.
2. ఐదు బద్దల్ని పక్కపక్కన పేర్చి రెండు క్లాంపులతో బిగించండి. మూలమట్టం పెట్టి గాడి ఎక్కడెక్కడ రావాలో అన్నింటి మీదా ఒకేసారి గీత గీయండి. ఒక్కొక్కటీ విడిగా కొలిస్తే ఒక్క గీత తేడా వచ్చినా చివర్లో చట్రం వంకర పోతుంది.
3. క్లాంపు తీయకుండానే గాడికి రెండు పక్కలా పావంగుళం లోతు రంపంతో కోయండి. రంపం లోతు దాటకుండా దాని మీద రంగు టేపు అంటించుకోండి.
4. మధ్యలో చెక్కని ఉలితో తీయండి. ఉలిని రెండు చేతులతో పట్టుకోవాలి, చెక్కని చేత్తో పట్టుకోకూడదు, అది క్లాంపులోనే ఉండాలి.
5. గాడిలో గాడి కూర్చి చూడండి. చేత్తో నొక్కితే దిగాలి, సుత్తి అవసరం రాకూడదు. బిగుతుగా ఉంటే ఆకురాయితో రెండు రుద్దులు.
6. ఫెవికాల్ రాసి బిగించి, మూల నుంచి మూలకి రెండు వైపులా కొలవండి. రెండూ సమానంగా వస్తే చదరం సరిగ్గా ఉన్నట్టు. రాత్రంతా అలాగే వదిలేయండి.
7. నాలుగు మూలలా కొక్కేలు. మొక్కజొన్న పొత్తులు, సీతాఫలాలు, వెలక్కాయలు కట్టాక బరువు బాగానే ఉంటుంది కాబట్టి చిన్న స్క్రూ కొక్కేలు సరిపోవు, చెక్కలో ఇటు నుంచి అటు దూరేలా బోల్టు వేసేవి తెచ్చుకోండి. పండగ ముందు ఒక బక్కెట్టు నీళ్ళు వేలాడదీసి చూడండి.
8. పసుపు రాసేవాళ్ళు ఎలాగూ రాస్తారు, వార్నిష్ వేయొద్దు.

అమ్మకం పెడితే తగాదాలు వస్తాయి. అడిగిన ఇంటికి ఇవ్వండి, డబ్బా చూపించండి, అంతే.

10. ఎక్కువగా జరిగే తప్పులు, వాటికి మందు

*ఒకాయన అధికారి అయిపోతారు.* పాతికేళ్ళు ఆఫీసర్‌గా చేసినవాళ్ళకి ఇది అలవాటుగా వస్తుంది, ఆయన తప్పేమీ కాదు. ప్రెసిడెంట్ లాంటి పదవులు పెట్టకండి. "ఈ రోజు బాధ్యులు" అని ఒక పేరు బోర్డు మీద రాయండి, ప్రతిసారీ మారుతుంది, తాళం, హాజరు, చివర్లో స్విచ్‌లు ఆ మనిషివే.

*రాజకీయాల గొడవ.* రెండు తెలుగు రాష్ట్రాల వాళ్ళూ ఉంటారు, ఎన్నికలప్పుడు వేడెక్కుతుంది. చేతిలో పనిముట్టు ఉన్నప్పుడు రాజకీయం వద్దు అని ఒక్క రూల్ పెట్టండి. టీ దగ్గర మాట్లాడుకోనీయండి, పూర్తిగా ఆపితే మాటలే ఆగిపోతాయి.

*టీ చివర్లో పెట్టడం.* చివర్లో పెడితే సగంమంది వెళ్ళిపోతారు. పదకొండుంపావుకి అన్నీ ఆపి, అందరూ కూర్చుని, పావుగంట. పంచదార విడిగా. టీ కాచే పని కూడా వంతులవారీగా, ఇంట్లో ఎప్పుడూ స్టవ్ ముట్టించనివాళ్ళు ఇక్కడ నేర్చుకుంటారు, అది వాళ్ళకి తర్వాత చాలా అక్కరకొస్తుంది.

*పని మధ్యలో మనిషి ఊరెళ్ళిపోవడం.* మనవాళ్ళు ఆరునెలలు ఇక్కడ, ఆరునెలలు హైదరాబాద్‌లో కూతురి దగ్గర. ప్రతి పని మీదా టేపు అంటించి పేరు, ఏమైంది, తర్వాత ఏం చేయాలి అని రాయాలి. "వేరేవాళ్ళు చేయొచ్చు" లేదా "నేనొచ్చేదాకా ఆగండి", ఈ రెండింట్లో ఒకటి కూడా రాయించండి.

*జనం రిపేరు షాపుగా వాడుకోవడం.* మిక్సీ గేటు దగ్గర పడేసి సాయంత్రానికి కావాలంటారు. తెచ్చినవాళ్ళు పక్కన కూర్చోవాలి, లేకపోతే తీసుకోం అని చెప్పండి.

*వాట్సాప్ గ్రూపు.* గుడ్ మార్నింగులు, ఫార్వర్డులతో నిండిపోతే అసలు సంగతి ఎవరూ చూడరు. గ్రూపులో ఎప్పుడు తెరుస్తారు, ఏం సామాను కావాలి, ఇవి తప్ప వేరేవి పెట్టొద్దు.

11. రాని మనిషి

ఈ మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన రిజిస్టర్ హాజరు పుస్తకం. చెప్పకుండా వరసగా రెండుసార్లు రాకపోతే ఆ రోజు బాధ్యులు ఫోన్ చేయాలి, మెసేజ్ కాదు. "ఎందుకు రాలేదు" అని అడగొద్దు, "మీరు మొదలుపెట్టిన పీట అలాగే ఉంది, పాలిష్ మీరే వేయాలి" అని చెప్పాలి. ఫోన్ ఎత్తకపోతే అదే సాయంత్రం ఒకరు ఇంటికెళ్ళాలి. మోకాలి ఆపరేషన్ అయ్యి మంచం మీద ఉంటే ఎమ్రీ పేపరూ రెండు చెక్కముక్కలూ తీసుకెళ్ళండి.

బల్ల దగ్గర ఎవరైనా "ఇక బతికి ఏం లాభం" లాంటి మాట అంటే మాట మార్చేయకండి, ఓదార్పు ఉపన్యాసం ఇవ్వకండి. ఆయన్ని ఒంటరిగా పంపకుండా ఒకరు తోడుండి, ఆయనకి చెప్పిన తర్వాతే ఇంట్లోవాళ్ళతో మాట్లాడాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416, ఉచితం, ఏ వేళకైనా చేయొచ్చు, తెలుగులో కూడా మాట్లాడతారు. ఇంట్లో పెద్దవాళ్ళని సరిగా చూడట్లేదని, పెన్షన్ లాక్కుంటున్నారని తెలిస్తే పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 14567. ఈ రెండు నంబర్లూ 108 పక్కనే, టీ కాచేచోట గోడమీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి, కళ్ళజోడు లేకుండా కనిపించేంత పెద్దగా.